పెంకయ్య మాస్టారి తోకదెబ్బ

అనగనగా ఒక అడవిలో ఒక బడి ఉండేది. బడి అంటే గోడలూ గంటా ఉన్న బడి అనుకునేరు! వాగు ఒడ్డున మెత్తటి మట్టిగట్టు, దాని మీద నాలుగు చెట్ల నీడ. అంతే. ఆ బడిలో ఎక్కాలు చెప్పరు, పద్యాలు చెప్పరు. బొరియ తవ్వడం నేర్పుతారు. నవ్వకండి. నేలలో బతికే జంతువులకు బొరియే ఇల్లు, బొరియే ధైర్యం. ఎండొచ్చినా, వానొచ్చినా, చిరుత వచ్చినా దూరాల్సింది అందులోకే. ఆ పని రాకపోతే బతకడం కష్టం.

ఆ బడికి మాస్టారు ఒక ముసలి అలుగు. మీరు అలుగును చూసి ఉండరు. ఒళ్ళంతా ఇంటి పెంకుల్లా ఒకదాని మీద ఒకటి పొలుసులుంటాయి. పొడుగు ముక్కు, బరువైన తోక. నోట్లో ఒక్క పన్నూ ఉండదు, చీమలు నాకి బతుకుతుంది. ఈ మాస్టారి పేరు పెంకయ్య. చూపు సరిగా ఆనదు పాపం. కానీ ఆయన గోళ్ళు మట్టిలో దిగితే చూడాలి! వెన్నముద్దలో వేలు దిగినట్టే.

పెంకయ్య మాస్టారి పాఠం మూడు ముక్కలు. పిల్లలందరూ గొంతెత్తి పాడేవాళ్ళు.

"గుమ్మం గుండ్రంగా! దారి తిన్నగా! కప్పు నున్నగా!"

చదువు పూర్తయిన రోజు పరీక్ష. పిల్ల తను తవ్విన బొరియలోకి వెళ్ళి కూర్చోవాలి. మాస్టారు పైకెక్కి నేల మీద తోకతో దబ్బున ఒక్కటి వేస్తారు. లోపల ఉన్న పిల్ల నెత్తిన మట్టి రాలకపోతే పాసైనట్టు. దానికి తోకదెబ్బ అని పేరు. తోకదెబ్బ తిన్న పిల్లంటే అడవంతా గొప్ప. "మా వాడు తోకదెబ్బ తిన్నాడు" అని తల్లులు ఇల్లిల్లూ తిరిగి చెప్పుకునేవాళ్ళు. దెబ్బ తిన్నందుకు మురిసిపోయే బడి లోకంలో అదొక్కటే అనుకుంటాను.

ఆ ఏడు చేరిన పిల్లల్లో ముగ్గురి సంగతి చెప్తాను.

ఒకడు నక్క పిల్ల. పేరు ఊళయ్య. వాళ్ళ ఇల్లు వాగు ఒడ్డునే, బడికి కూతవేటు దూరం. రెండోది కంకి. నల్లరేగడి చేలల్లో పుట్టిన ఎలుక పిల్ల. మూడోది సూదమ్మ. దూరాన కనిపించే రాళ్ళగుట్ట మీద నుంచి వచ్చిన ముళ్ళపంది పిల్ల. నక్కా ఎలుకా ఒకే బడిలో ఎలా చదువుకున్నాయని అడుగుతారు, నాకు తెలుసు. బడిలో ఎవరూ ఎవరినీ తినకూడదన్నది మాస్టారి మొదటి నియమం. ఊళయ్యకు ఆ నియమం పాటించడం మహా కష్టంగా ఉండేది. కంకి పక్కన కూర్చుంటే కళ్ళు గట్టిగా మూసుకునేవాడు.

సూదమ్మకు తండ్రి లేడు. తల్లికి బండరాయి పడి ముందు కాలు చచ్చుబడింది, ఇక తవ్వే శక్తి లేదు. పైగా చూలాలు. పాత బొరియ కూలిపోతే ఒక ముళ్ళపొద కింద కాలం గడుపుతోంది. "నువ్వు వెళ్ళి పని నేర్చుకురా తల్లీ. వానలు పడేలోగా మనకో ఇల్లు తవ్వు. పుట్టబోయే బిడ్డను తడి నేల మీద పడుకోబెట్టలేను" అని కూతుర్ని బడికి పంపింది. సూదమ్మకు ఆ మాట ఎప్పుడూ చెవిలోనే ఉండేది. ఆటలప్పుడు కూడా అది తవ్వుతూనే ఉండేది.

ఒకరోజు పాఠం మధ్యలో సూదమ్మ లేచి నిలబడింది.

"మాస్టారూ, మా గుట్ట మీద మట్టి ఇలా ఉండదండీ. గోరు పెడితే చాలు, రాయి తగులుతుంది."

"గుట్ట మీదైనా గట్టు మీదైనా మట్టి మట్టే తల్లీ. ముందు నీ గుమ్మం గుండ్రంగా రానీ" అన్నారు మాస్టారు.

కంకి కూడా ధైర్యం చేసింది.

"మా చేలో మట్టి నల్లగా ఉంటుందండీ. ఎండలకు నెర్రెలిస్తుంది. నేను ఎన్నోసార్లు ఆ నెర్రెల్లో పడిపోయాను."

"పడిపోకుండా నడవాలమ్మా. మాట్లాడుతూ చెయ్యి ఆపకు" అన్నారు మాస్టారు.

తర్వాత ఊళయ్య వైపు తిరిగి, "నీకేమైనా సందేహమా?" అని అడిగారు.

"నాకేం లేదండీ. మా ఇల్లు ఇక్కడే కదండీ" అన్నాడు వాడు.

"చూశారా! శ్రద్ధగా వినేవాడికి సందేహాలుండవు" అని మాస్టారు మెచ్చుకున్నారు.

ఏం చెప్పమంటారు! పెంకయ్య మాస్టారు చెడ్డవారు కాదు. పిల్లలంటే ప్రాణం. ఆయన పుట్టిందీ పెరిగిందీ ఆ ఒడ్డునే. ఆ ఒడ్డు దాటి ఎన్నడూ వెళ్ళలేదు. ఆయన దగ్గర చదివి బాగుపడ్డవాళ్ళు ఆ చుట్టుపక్కలే ఉండేవాళ్ళు. ఆకులో చీమలగుడ్లు పెట్టుకుని వచ్చి కాళ్ళకు దండం పెట్టేవాళ్ళు. బాగుపడని వాళ్ళు దూరాన ఉండేవాళ్ళు. తోకదెబ్బ తిని కూడా ఇల్లు నిలబెట్టుకోలేకపోయామని ఏ మొహం పెట్టుకుని చెప్తారు? అందుకే వచ్చేవాళ్ళు కాదు. మాస్టారికి కనిపించిందంతా పచ్చగానే ఉంది.

పరీక్ష రోజు వచ్చింది. అందరికంటే ముందు సూదమ్మే బొరియలో కూర్చుంది. తోక దబ్బున పడింది. ఒక్క రేణువు రాలలేదు.

"నా బడిలో ఇంత నున్నటి కప్పు ఇంతవరకూ చూడలేదు" అన్నారు మాస్టారు. ఆయనకు చూపు ఆనదు కదా, అరచేత్తో తడిమి తడిమి మురిసిపోయారు.

సూదమ్మ ఆయన కాళ్ళ దగ్గర తల పెట్టింది.

"మాస్టారూ, మా అమ్మ నన్ను చూడటానికి ఇంత దూరం రాలేకపోయింది. మీరే మా గుట్టకు రండి. నేను తవ్వే ఇంటి మీద మీ తోకదెబ్బ పడాలి. మా అమ్మ కళ్ళారా చూడాలి."

ఇంతకు ముందు ఎవరూ ఆయన్ని అలా పిలవలేదు. మాస్టారి ముక్కు చెమర్చింది.

"వస్తాను తల్లీ. తొలకరి పడేలోగా వస్తాను" అని మాటిచ్చారు.

ఎండలు ముదిరి, ఆకాశంలో ఒకటీ అరా మబ్బు తేలడం మొదలయ్యాక మాస్టారు బయల్దేరారు. దారి చూపడానికి ఊళయ్య వెంట వచ్చాడు. దారిలోనే కదా అని ముందు వాడి ఇల్లు చూశారు. గుండ్రటి గుమ్మం, తిన్నటి దారి, నున్నటి కప్పు. మాస్టారు తోకతో ఒకటి వేశారు. ఇల్లు చెక్కుచెదరలేదు. ఆయన ఛాతీ ఉప్పొంగింది.

తర్వాత నల్లరేగడి చేలు వచ్చాయి. ఒక జొన్నచొప్ప కుప్పలోంచి సన్నని గొంతు వినిపించింది.

"నమస్కారమండీ మాస్టారూ! నేను కంకినండీ."

"ఏమ్మా, అక్కడున్నావేం? నీ బొరియ ఏది?"

కంకి చొప్పలో ఇంకా లోపలికి దూరింది.

"ఇల్లు సర్దలేదండీ. ఇంకోసారి చూపిస్తాను. పైగా ఊళయ్య వచ్చాడు కదండీ, ఇది బడి కాదు కదండీ, నేను బయటికి రాను."

ఊళయ్య మొహం చిన్నబుచ్చుకున్నాడు. మాస్టారు నవ్వేసి ముందుకు నడిచారు. ఆ కుప్ప పక్కనే నేల పెద్ద నెర్రె విచ్చి ఉంది. అందులో గుండ్రటి గుమ్మం ఒకటి సగానికి చీలిపోయి కనిపిస్తోంది. మాస్టారికి చూపు ఆనదు. ఊళయ్య చూశాడు కానీ ఏమీ అనలేదు.

గుట్ట ఎక్కేసరికి మాస్టారికి ఆయాసం వచ్చింది. కాళ్ళ కింద అన్నీ రాళ్ళే. సూదమ్మ పరుగున ఎదురొచ్చింది. దాని గోళ్ళు అరిగి మొండివైపోయాయి. రెండు గోళ్ళ దగ్గర నెత్తురు ఎండి ఉంది. కానీ దాని మొహంలో ఆనందం చూడాలి!

"వచ్చారా మాస్టారూ! ఇల్లు తవ్వానండీ!"

సూదమ్మ తల్లి కుంటుకుంటూ వచ్చి నమస్కారం పెట్టింది.

"మేము ఇంకా లోపల అడుగు పెట్టలేదు మాస్టారూ. మీ తోక పడి, మీరు సరే అన్నాకే చేరదామని ఆగాము. ఇవాళో రేపో నేను కనేలా ఉన్నాను. మీరు వేళకు వచ్చారు."

మాస్టారు గుమ్మం తడిమారు. గుండ్రంగా ఉంది. లోపలికి ముక్కు పెట్టారు. దారి తిన్నగా ఉంది. సంతోషంగా పైకెక్కి తోక ఎత్తారు. చుట్టంగా వచ్చారు కదా, మర్యాదగా, మెల్లిగానే వేశారు.

బొరియ మొత్తం గలగలమని కూలిపోయింది.

గులకరాళ్ళూ మట్టీ కలిసి ఒక్క గుంట మిగిలింది. తల్లి తన పొట్ట మీద చెయ్యి వేసుకుంది. అది మాస్టారికి కనిపించలేదు కానీ, దాని ముళ్ళు ఒకదానికొకటి తగిలి గలగలమనడం మాత్రం వినిపించింది. ఈ తల్లి లోపల పడుకుని ఉంటేనో? పక్కన పసిగుడ్డు ఉంటేనో? మాస్టారికి ఒళ్ళు జలదరించింది.

అయినా చూడండి, మాస్టారి నోట ముందుగా ఏ మాట వచ్చిందో!

"ఎక్కడ తప్పు చేశావమ్మా?"

సూదమ్మ ఏడుపు బిగబట్టుకుని చెప్పింది. "గుమ్మం గుండ్రంగానే తవ్వానండీ. దారి తిన్నగానే తవ్వాను. రాయి అడ్డొస్తే పక్కకు పోకుండా దాన్నే తవ్వి తీశాను. కప్పు నున్నగా రాలేదని, పైన అంటుకున్న రాళ్ళన్నీ పీకేశాను. మీరు చెప్పినట్టే చేశానండీ."

పైన ఉరిమింది. గాలికి తడి వాసన తగిలింది.

ఊళయ్య మాస్టారి చెవిలో గొణిగాడు. "వాన వచ్చేలా ఉందండీ. వెళ్ళిపోదాం పదండి. మీ తప్పేం లేదు. నా ఇల్లు నిలబడింది కదండీ. తనే ఎక్కడో సరిగా తవ్వలేదు."

మాస్టారు వెళ్ళిపోతే అడిగేవాళ్ళు లేరు. అడవంతా ఆయన మాటే నమ్ముతుంది. సూదమ్మ కూడా తన గోళ్ళనే తిట్టుకుంటుంది. కానీ ఆయనకు ఆ రోజు పాఠం మధ్యలో లేచి నిలబడ్డ పిల్ల గుర్తొచ్చింది. గోరు పెడితే చాలు రాయి తగులుతుందని ఆ రోజే చెప్పింది కదా! నువ్వు చెప్పావు, నేను వినలేదు అని ఇప్పుడు ఈ పిల్ల అనొచ్చు. అనలేదు. అనకపోవడమే ఆయనకు ఎక్కువ బాధ కలిగించింది.

మాస్టారు గుంటలోకి దిగి తన గోళ్ళు నేలలో దింపారు. కీచుమంది. మళ్ళీ దింపారు. వేలు మెలిపడింది. వెన్నముద్ద కాదు కదా, ఒక్క పిడికెడు మట్టి రాలేదు. ఎంతోమందికి తవ్వడం నేర్పిన పెద్దాయన చంటిపిల్లవాడిలా చతికిలబడ్డారు.

"సూదమ్మా," అన్నారు చివరికి, "తప్పు నీది కాదు, నాది. నేను వాగు ఒడ్డున తవ్వడం నేర్పాను. నువ్వు బతకాల్సింది గుట్ట మీద. ఈ నేల సంగతి నాకు తెలియదమ్మా."

సూదమ్మ అప్పుడు ఏడ్చేసింది. ఏడుస్తూనే అడిగింది. "మరి అమ్మ ఎక్కడ పడుకోవాలండీ?"

"ఉండు, ఏడవకు. నేల సంగతి తెలియకపోతే ఏం చెయ్యాలి? నేలనే అడగాలి."

మాస్టారు లేచి తోకతో నేల మీద ఒకటి వేశారు. ఠంగుమంది. "అడుగున బండ ఉంది. ఇక్కడ లాభం లేదు." కొంచెం జరిగి మళ్ళీ వేశారు. గలగలమంది. "గులకరాళ్ళు. ఇది కూలే చోటు." సూదమ్మ కన్నీళ్ళు తుడుచుకుని చూస్తోంది. ఇన్నాళ్ళూ అన్నీ అయ్యాక చివర్లో వేసిన తోకదెబ్బ, ఆయన ఇప్పుడు తవ్వకముందే వేస్తున్నారు!

ఒక పెద్ద పలకరాయి పక్కన వేసిన దెబ్బ దబ్బుమని మెత్తగా, లోతుగా మోగింది.

"ఇక్కడ గట్టి మట్టి ఉంది! రాయి కిందికి పోదాం. కప్పు మనం తవ్వక్కర్లేదు, ఆ రాయే మన కప్పు" అన్నారు మాస్టారు.

"ఇటు వైపు గుమ్మం వద్దండీ!" సూదమ్మ అరిచింది. "వానొస్తే నీళ్ళు ఇటే దిగుతాయి. చిన్నప్పుడు నేను ఇక్కడే జారిపడి కొట్టుకుపోయాను. అటు వైపు పెడదామండీ."

"నువ్వు చెప్పు తల్లీ, నేను తవ్వుతాను" అన్నారు మాస్టారు. ఆ మాట ఆయన నోట అంతకు ముందెవరూ వినలేదు.

ఇద్దరూ తవ్వారు. రాయి అడ్డొస్తే తియ్యలేదు, చుట్టూ తిరిగారు. దారి పాము పాకినట్టు వంకర టింకరగా వచ్చింది. గుమ్మం మూలలు తేలి వచ్చింది. బడిలో ఇలాంటి బొరియ తవ్వితే మాస్టారు మళ్ళీ మొదటి నుంచీ తవ్వించేవారు! ఊళయ్య కూడా ఊరుకోలేక మట్టి బయటికి లాగాడు. వాడు వెనక్కాళ్ళతో మట్టి చిమ్మితే అంతా మాస్టారి మొహాన పడింది.

తొలి చినుకు పడేసరికి లోపల ఒక గది తయారైంది. తల్లి ముందు దూరింది. తర్వాత సూదమ్మ, ఆ తర్వాత మాస్టారు, చివర ఊళయ్య. ఆ ఇరుకులో రెండు ముళ్ళపందుల మధ్య కూర్చోవడమంటే తెలుసా? మాస్టారికి పొలుసులున్నాయి కాబట్టి సరిపోయింది. ఊళయ్య మాత్రం కుయ్యో మొర్రో అంటూనే ఉన్నాడు.

వాన కుండపోతగా కురిసింది. గుట్ట మీంచి నీళ్ళు హోరుమని దిగాయి. అందరూ ఊపిరి బిగబట్టి పైకి చూశారు. నీళ్ళు సూదమ్మ చెప్పిన వైపునే పోయాయి. పైన రాయి కదల్లేదు. నెత్తిన ఒక్క రేణువు రాలలేదు.

ఆ వానలోనే బిడ్డ పుట్టాడు. పుట్టినప్పుడు ముళ్ళపంది పిల్లల ముళ్ళు మెత్తగా ఉంటాయి, తెలుసా? తల్లి ఆ బిడ్డను మాస్టారి చేతిలో పెట్టింది. "పొడి నేల మీద పుట్టాడు మాస్టారూ" అని ఒక్క మాట అంది. మాస్టారు చూపు ఆనని కళ్ళతో వాణ్ణి చూస్తూ, మెత్తటి ముళ్ళు నిమురుతూ చాలాసేపు ఉండిపోయారు. వానలో పుట్టాడని వాడికి వానయ్య అని పేరు పెట్టారు.

తిరిగి వెళ్ళేటప్పుడు మాస్టారు నేరుగా చొప్పకుప్ప దగ్గరికి వెళ్ళారు. ఊళయ్యను దూరంగా కూర్చోబెట్టారు.

"కంకీ, మీ నేల నెర్రెలిస్తుందని ఆ రోజే చెప్పావు. నీ ఇల్లు చీలిపోయింది కదూ?"

లోపలి నుంచి వెక్కిళ్ళు వినిపించాయి. "అవునండీ. మీకు చెప్పడానికి సిగ్గేసిందండీ."

"సిగ్గుపడాల్సింది నేను తల్లీ. రా, మీ నేలను కూడా అడుగుదాం."

తోకదెబ్బలు వేసుకుంటూ ఇద్దరూ చేనంతా తిరిగారు. నల్లమట్టి నెర్రెలివ్వని చోటు చేనిగట్టు మీద, గడ్డి వేళ్ళు అల్లుకున్న దగ్గర దొరికింది. కంకి అక్కడ తవ్వుకుంది. ఊళయ్య కళ్ళు గట్టిగా మూసుకుని కూర్చున్నాడు.

మరుసటి ఏడు బడి తెరిచినప్పుడు మాస్టారు అడవంతా కబురు పంపారు. ప్రతి పిల్లా ఇంటి దగ్గరి మట్టి ఒక పిడికెడు తేవాలట! "చదువుకోమని పంపితే మట్టి మోయిస్తున్నాడేమిటి ఈయన?" అని తల్లులు సణుక్కున్నారు. అయినా పంపారు. మాస్టారు ఆ మట్టి వాసన చూసి, వేళ్ళతో నలిపి, ఏ పిల్ల ఏ నేల మీద బతకబోతోందో తెలుసుకునేవారు. ఆ తర్వాతే పాఠం. రాతి నేల పాఠానికి సూదమ్మ గుట్టకూ, నల్లమట్టి పాఠానికి కంకి గట్టుకూ పిల్లల్ని వెంటబెట్టుకుని నడిచేవారు. పాత పాట కూడా మానేశారు. కొత్తగా పాడించింది ఒక్కటే ముక్క. "ముందు నేలను అడుగు!"

కొన్నాళ్ళకు బడిలోకి ఒక ముళ్ళపంది పిల్లవాడు వచ్చాడు. ముళ్ళు ఇంకా పొట్టిగానే ఉన్నాయి. బెదురుతూ పిడికిలి చాచాడు. ఎర్రటి మట్టి, అందులో గులకరాళ్ళు.

మాస్టారు వాసన చూశారు. ముసలి ముక్కు చెమర్చింది.

"వానయ్యా! ఈ మట్టి నాకు తెలుసు నాన్నా. ఈ నేల మీద తవ్వడం నేను నేర్చుకున్నాను."

"మీకు కూడా మాస్టారు ఉన్నారాండీ?" వానయ్య ఆశ్చర్యంగా అడిగాడు.

"ఉన్నారు నాన్నా," అన్నారు పెంకయ్య మాస్టారు. "మీ అక్క."

నీతి: పిల్లలు రేపు ఏ నేల మీద బతకాలో ముందు తెలుసుకుని, ఆ నేలకు పనికొచ్చేలా నేర్పిందే నిజమైన చదువు.